మంచం తిప్పలేక లారీని తిప్పిన సాయంత్రం

మొన్న మా వీధి చివరింటి కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చారు. అందరూ కలిసి పాత జీపు ఒకటి కొన్నారట, దాంట్లో కొండల్లోకి పోయి రాత్రిళ్లు అక్కడే ఉంటారట. బండి టాపు మీద గుడారం వేసుకోవాలా, వెనక సీట్లు పీకేసి పరుపు వేసుకోవాలా అని వాళ్లలో వాళ్లకి తగువు. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను లారీలో పడుకుంటూ కొండలు తిరిగానని ఎవరో చెప్పారట, అందుకని సలహాకి వచ్చారు. ఈ వయసు వచ్చేదాకా నన్ను ఏ విషయంలోనూ ఎవరూ ఇంత గౌరవంగా అడిగింది లేదు. కుర్చీలో సర్దుకుని, గొంతు కూడా సవరించుకున్నాను. తీరా నోరు తెరిచేసరికి, ఈ విద్యలో నాకున్న అర్హతల్లా ఒక మూడు టన్నుల లారీని బురదలో దింపించడమేనని గుర్తొచ్చింది. కాఫీ ఇచ్చి పంపేశాను.

వాళ్లకి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరే ఆడపిల్లలు చదివితే పనికిరావచ్చు. పనికిరాకపోయినా నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అవి అరవైల ఆఖరు రోజులు. అప్పటికింకా విజయనగరం జిల్లా లేదు, సాలూరు మా శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. నాది అరసవల్లి. మావాళ్లది వ్యవసాయం. నర్సు ట్రైనింగు పూర్తిచేసి, పెద్దాసుపత్రి వార్డులో కొన్నాళ్లు పనిచేశాక నన్ను సాలూరు అవతల కొండ ఊళ్లకి తిరిగే సంచార వైద్యశాలలో వేశారు. పేరు గంభీరంగా ఉంది కదా అని వెళ్లి చూస్తే ఉన్నది ఒక లారీ. మిలటరీ వాళ్లు వాడి వదిలేసినది. ముందు కేబిను, వెనక చెక్క బాడీ, దానిమీద టార్పాలిను, లోపల మందుల పెట్టెలు. రోడ్డు ఉన్నంతవరకు రోడ్డు మీద, అది అయిపోయాక ఎడ్లబండి దారిలో, అదీ అయిపోయాక దారి లేని చోట ఆ లారీ పోయేది. వారంలో సగం రోజులు మా కాపురం దాంట్లోనే.

మేం నలుగురం. డాక్టరుగారు, డ్రైవరు, ఆయా, నేను.

డాక్టరుగారు గుంటూరు వైపు మనిషి. మంచి వైద్యుడు, అంతకన్నా మంచి నిద్రపోతు. బడి అరుగు దొరికితే అరుగు, బల్ల దొరికితే బల్ల, ఏదీ లేకపోతే కుర్చీ. వాలడం ఆలస్యం, గురక. డ్రైవరు సాలూరు వాడు, మా నాన్న ఈడు మనిషి, మావా అని పిలిచేదాన్ని. అతని పడక కేబిను టాపు మీద. గోనెపట్టా పరుచుకుని, తలగుడ్డ మొహం మీద కప్పుకుని పడుకుంటే తెల్లారే లేవడం. ఇక ఆయమ్మ. ఆమె చుట్ట అడ్డపొగ పట్టి, అంటే నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని, అది ఆరేదాకా కబుర్లు చెప్పి, ఆరగానే ఉన్నచోటే ఒరిగిపోయేది. కింద చాప ఉందో లేదో కూడా చూసుకునేది కాదు.

ఈ ముగ్గురి మధ్య నిద్ర పట్టనిది నాకొక్కదానికే. రాళ్లు గుచ్చుకునేవి, చీమలు కుట్టేవి, ఏమీ లేకపోతే ఏమీ లేవేమిటని అనుమానం వచ్చేది. ఊళ్లోవాళ్లు మర్యాదకి ఇల్లు ఖాళీ చేసి ఇచ్చి వాళ్లు పిల్లలతో సహా వాకిట్లో పడుకునేవారు. ఆ ఇంట్లో పడుకుంటే సిగ్గుతో నిద్ర పట్టేది కాదు. బడి అరుగు మీద మగవాళ్ల పక్కన ఆడమనిషిని ఎలా పడుకోను? ఇలా కొన్నాళ్లకి కళ్ల కింద నల్లటి చారలు వచ్చాయి. దాంతో మంచి పడక ఒకటి ఏర్పాటు చేసుకోవాలని పట్టుదల పుట్టింది. నాకు పట్టుదల వస్తే చుట్టుపక్కల వాళ్లకి కష్టకాలమే.

ముందు ఆఫీసు వాళ్లని పీడించి మడతమంచం తెప్పించాను. కేన్వాసుది, చూడ్డానికి బాగానే ఉంది. మొదటి రాత్రే అది నన్ను లోపల పెట్టుకుని మడతపడింది. నా కేకలకి డ్రైవరు మావ టాపు మీంచి దూకి వచ్చి, టార్చి వేసి చూసి, "ఓలమ్మో, సిస్టరమ్మని మంచం మింగేసినాది" అన్నాడు. నన్ను బయటికి తీసేదాకా అతను నవ్వు ఆపుకున్నాడు, అది అతని మంచితనం. తర్వాత గుడారం. దాని తాళ్లు కట్టడం నాకొక్కదానికే వచ్చునని చెప్పుకుని నేనే కట్టాను. తెల్లవారుజామున ఎవరిదో ఆవు వచ్చి తాడు తట్టుకుంది. ఆవుకేం కాలేదు. ఆ తర్వాత లారీ లోపలే పెట్టెల మధ్య పరుపు వేసుకుని చూశాను. లారీ ఎత్తుపల్లాల మీద ఆగితే నేను దొర్లుకుంటూ పోయి ఆయమ్మ మీద పడేదాన్ని. ఆమె లేవకుండానే నన్ను వెనక్కి తోసేసేది.

చివరికి సాలూరులో లారీ బాడీలు కట్టే మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆ ఊళ్లో లారీ పనివాళ్లకి కొదవా! షెడ్డు నేల మీద సుద్దముక్కతో నా మంచం బొమ్మ గీశాను. పెద్దాసుపత్రిలో తలవైపు ఎత్తి పెట్టే ఇనప మంచాలు ఉండేవి. నాకు అలాంటిది కావాలి. కేబిను వైపు తల, అక్కడ బాగా ఎత్తు. అక్కణ్ణించి వాలుగా దిగుతూ వెనక తలుపు వైపు కాళ్లు. కింద మందుల పెట్టెలు పెట్టుకోవడానికి అరలు. పక్కకి దొర్లకుండా అంచు పట్టీలు. మేస్త్రి తల గోక్కుంటూ అంతా విన్నాడు.

"ఇది కదలాలా, కదలకూడదా?"

"కదలనే కూడదు."

"అయితే బోల్టులెట్టి బిగించేత్తాను. లారీ ఇరిగిపోవాల గానీ ఇది కదలదు. సూడండి మరి, తరవాత ఇటు తిప్పు అటు తిప్పు అంటే నావల్ల కాదు."

"ఎందుకు తిప్పుతాను?" అన్నాను. ఎంత తెలివైన ప్రశ్నో చూడండి.

మంచం తయారైంది. మేస్త్రి లారీకి వేసినట్టే తలవైపు చెక్క మీద రెండు చిలకల్ని, మధ్యలో తామరపువ్వుని రంగులతో వేశాడు. సాలూరు ఆసుపత్రి నర్సులందరూ వచ్చి చూసి వెళ్లారు. డాక్టరుగారు కూడా ఒకసారి లోపలికి తొంగిచూసి, "బాగుంది సిస్టర్. నిద్ర కోసం మీరు పడ్డ కష్టానికి రాతిమీద పడుకున్నా నిద్ర పట్టాలి" అన్నారు. అది మెప్పనే అనుకున్నాను.

నిజం చెప్పనా? దానిమీద పడుకుంటే నడుం మధ్యకి ఒక చెక్క అంచు సరిగ్గా తగిలేది. పరుపు వేసినా తగిలేది. కానీ అంత హడావిడి చేసి చేయించుకున్నాక ఆ మాట ఎవరితో అనను? ఎలా ఉందని ఎవరు అడిగినా "హాయిగా ఉంది" అనేదాన్ని. పొద్దున్నే నడుం పట్టుకుని లారీ దిగుతుంటే ఆయమ్మ ఒక చూపు చూసేది. చుట్టని ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మార్చుకుని తన పని చూసుకునేది.

ఆ రోజుల్లోనే కొండ మీద ఒక చిన్న ఊళ్లో ఒక కడుపుతో ఉన్న పిల్ల నా దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. రెండోసారి తనకి కూడా రక్తం ఆగక చావు దాకా వెళ్లి వచ్చింది. మగ డాక్టరుకి చూపించుకోదు. నేను చూస్తానంటేనే గుడిసె లోపలికి రమ్మంది. చూశాక నాకు భయం వేసింది. ఈ కాన్పు ఆ ఊళ్లో జరగకూడదు, ముందే సాలూరు ఆసుపత్రిలో చేర్పించాలి. డాక్టరుగారికి చెప్తే ఆయనా అదే అన్నారు. వచ్చే వారం లారీ వచ్చినప్పుడు తీసుకుపోతామని వాళ్ల అత్తనీ మొగుడినీ ఒప్పించాను. ఆ పిల్ల మాత్రం నా చెయ్యి వదల్లేదు.

"నువ్వొస్తావా? వస్తానని ఎలిపోయి రాని వోళ్లని సానా మందిని సూసినాను."

"వస్తాను. ఈ లారీలోనే తీసుకెళ్తాను, మంచం మీద పడుకోబెట్టి" అన్నాను. మంచం సంగతి అక్కడ కూడా చెప్పుకోకుండా ఉండలేకపోయాను.

వారం తిరిగింది. రెండు రోజుల నుంచి మబ్బు, తుంపర. ఆ ఊరికి లారీ పోదు. కొండ కింద గెడ్డ ఒడ్డున, అంటే కొండవాగు ఒడ్డున ఆగాలి, అక్కణ్ణించి రెండు మైళ్లు కాలిబాట. సాయంత్రానికి అక్కడికి చేరాం. పొద్దున్నే నేనూ ఆయమ్మా పైకి వెళ్లి, ఆ పిల్లని డోలీలో దింపించి, లారీ ఎక్కించుకుని సాలూరు పోవాలన్నది ఏర్పాటు. డ్రైవరు మావ ఎప్పుడూ ఆపే చోటే రాతినేల మీద లారీ ఆపి కిందికి దిగాడు.

నేను లోపల పక్క వేసుకుంటూ లెక్క వేశాను. సాలూరు నుంచి ఉత్తరంగా బయల్దేరాం. లారీ ముఖం ఇంకా అటే ఉంది. నా తల కేబిను వైపు. అంటే ఈ రాత్రి నేను ఉత్తరం తల పెట్టి పడుకోవాలి.

ఇక్కడ నా గురించి ఒక మాట. సూక్ష్మక్రిములకి తప్ప దేనికీ భయపడనని వార్డులో గొప్పలు పోయేదాన్ని. గ్రహణం నాడు అన్నం తిని అందరికీ చూపించిన మనిషిని. కానీ మా నాయనమ్మ చిన్నప్పుడు నూరిపోసిన మాట ఒకటి, ఉత్తరం తల పెట్టి పడుకోకూడదన్నది, ఏ మందుకీ పోలేదు. అంతకుముందు ఊళ్లలో ఎలా కలిసొచ్చిందో గానీ ఈ చిక్కు రాలేదు, ఈ గెడ్డ దగ్గర రాత్రి ఉండడం ఇదే మొదలు. లారీ దిగి డ్రైవరు దగ్గరికి వెళ్లాను.

"మావా, లారీని కాస్త తూర్పుకి తిప్పు."

"ఏటైనాది?"

"నా తల ఉత్తరానికి వస్తోంది."

అతను నన్నూ లారీనీ మార్చి మార్చి చూశాడు. "సిస్టరమ్మా, ఇక్కడ రాతినేల. అటు తిప్పితే ఎనక సక్రాలు గెడ్డ మట్టిలోకి ఎలిపోతాయి. రేత్రి వానొస్తే నాను తియ్యలేను."

లోపలినుంచి ఆయమ్మ అరిచింది. "తలగడ అటేపు ఎట్టుకుని తొంగోండమ్మా, అయిపోద్ది కదా!"

"తల కిందికీ కాళ్లు పైకీ పెట్టి పడుకోడానికి నేనేమైనా గబ్బిలాన్నా?" అన్నాను.

మంచం తిప్పడానికి లేదు, బోల్టులు. నేను తిరగడానికి లేదు, పంతం. మిగిలింది లారీ. డ్రైవరు ఇంకొక్కసారి అడిగాడు, "అది ఉత్తరమేనంటారా? మబ్బులో నాకేటీ తెలవడం నేదు."

"సూర్యుడి గుడి ఉన్న ఊళ్లో పుట్టినదాన్ని. తూర్పు ఎటో నాకు చెప్పాలా?"

అప్పటికే చెట్టు కింద కుర్చీలో వాలిపోయిన డాక్టరుగారు కళ్లు తెరవకుండానే, "తిప్పెయ్యవయ్యా. లేకపోతే ఆవిడ మనల్ని నిద్రపోనివ్వదు" అన్నారు. పై అధికారి ఆజ్ఞ అయిపోయింది. డ్రైవరు గొణుక్కుంటూ ఎక్కి, ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు ఆడించి, లారీని కుడివైపుకి తిప్పి నిలబెట్టాడు. వెనక చక్రాల కింద మట్టి మెత్తగా నలిగింది. చక్రాలకి రాళ్లు ఆనించి, "ఇక అమ్మోరు దయ" అన్నాడు. నేను వెళ్లి పడుకున్నాను. వాన మొదలైంది, చల్లగా ఉంది. ఆ మంచం మీద నేను ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది ఆ ఒక్క రాత్రే.

పొద్దున్నే లేచి చూస్తే లారీ వెనక భాగం కూర్చుండిపోయి ఉంది. చక్రాలు సగం పైగా మట్టిలో ఉన్నాయి. డ్రైవరు ఇంజను వేస్తే అవి ఇంకాస్త లోపలికి తవ్వుకున్నాయి. అతను ఇంజను ఆపేసి దిగి, పారతో తియ్యడం మొదలుపెట్టాడు.  నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడే ఆ పిల్ల మొగుడు కొండ మీంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. తెల్లారకముందే నొప్పులు మొదలయ్యాయట.

"బేగి రండమ్మా. మా అమ్మ రమ్మంటన్నాది."

సంచి తీసుకుని నేనూ ఆయమ్మా డాక్టరుగారూ బయల్దేరాం. నిద్రపోతు అన్నాను కదా డాక్టరుగారిని, ఆ రోజు ఆ కొండని ఆయన నాకన్నా ముందు ఎక్కారు. సగం దూరం ఎక్కాక మబ్బు విడిచింది. లారీ ముఖం ఉన్న వైపుకే, అంటే నా లెక్కన తూర్పుకే ఎక్కుతున్నాం, కానీ ఎండ మా మొహాల మీద కాదు, పక్కనించి వచ్చి పడింది. ఆయన ఆగి వెనక్కి చూశారు. నేనూ చూశాను. కింద గెడ్డ ఒడ్డున మా లారీ కనిపిస్తోంది. సూర్యుడు దానికి కుడిపక్కన ఉన్నాడు.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. దారి కొండల్లో ఎక్కడో మెలిక తిరిగింది, నేను చూసుకోలేదు. డ్రైవరు ముందు ఆపినప్పుడు లారీ ముఖం పడమటికి ఉంది. పడమర తలకి ఏ దోషమూ లేదు. దాన్ని పనిగట్టుకుని ఉత్తరానికి తిప్పించింది నేను. రాత్రంతా ఉత్తరం తల పెట్టుకుని హాయిగా నిద్రపోయింది కూడా నేనే.

"మీ తూర్పు అటుంది సిస్టర్" అన్నారు డాక్టరుగారు, చెయ్యి చూపిస్తూ. మళ్లీ ఎక్కడం మొదలుపెట్టారు.

గుడిసెలోకి మగవాళ్లని రానివ్వరు కాబట్టి ఆయన బయట, దడికి ఆనుకుని కూర్చున్నారు. లోపల ఆ పిల్ల పైకప్పు దూలానికి కట్టిన తాడు పట్టుకుని గొంతుక్కూర్చుని ఉంది, వెనకాల అత్త పట్టుకుని ఉంది. నన్ను చూడగానే ఆ నొప్పుల్లోనే, "వచ్చినావా" అంది. "వచ్చాను" అన్నాను. లారీ ఎక్కడుందని అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు.

ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని బయట మొగుడు ఏడ్చాడు, అత్త ఏడ్చింది, నేను తల తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాను. ఆ తర్వాత నేను భయపడ్డది జరిగింది. మాయ పడిపోయింది గానీ రక్తం ఆగలేదు. ఇంజెక్షను ఇచ్చాను. కడుపు మీద చెయ్యి పెట్టి మర్దనా చేస్తూ, ఎంత పోతోందో, నాడి ఎలా ఉందో గోడకి ఇవతలనించి డాక్టరుగారికి కేకేసి చెప్తున్నాను. ఆయన అవతలనించి ఏం చెయ్యాలో చెప్తున్నారు. ధార తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు. పిల్ల పెదాలు తెల్లబడ్డాయి. ఆయన ఇక ఆగలేక, "ఆసుపత్రికి పోవాలి సిస్టర్, ఇప్పుడే" అన్నారు. లారీ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

దుప్పటిని వెదురుకి కట్టి డోలీ చేసి దించారు. దారిపొడుగునా ఆమె పక్కన నడుస్తూ ఒకటే అనుకున్నాను, మావ లారీని బయటికి తీసేసి ఉండాలి, తీసేసి ఉండాలి. తియ్యలేదు. ఒక్కడు ఎంతని తియ్యగలడు? మోకాళ్లదాకా బురదలో నిలబడి ఇంకా తవ్వుతున్నాడు.

డోలీని చెట్టు కింద దించాం. డాక్టరుగారు సెలైను పెట్టారు, ఈసారి ఎవరూ అడ్డుచెప్పలేదు. ఊరి మగవాళ్లందరూ లారీ చుట్టూ చేరారు. కొమ్మలు నరికి తెచ్చి చక్రాల కింద వేశారు, రాళ్లు మోశారు, ముందు కొక్కేనికి మోకు కట్టారు. ఆ పిల్ల మొగుడు చేతులతోనే బురద తోడుతున్నాడు. తోడుతూ తోడుతూ తలెత్తి డ్రైవరుని అడిగాడు.

"ఎప్పుడూ ఆ రాతినేల మీద కదా ఆపుతావు? ఇక్కడెందుకు ఎట్టినావు?"

డ్రైవరు నా వైపు చూడకుండా, "సీకటిపడిపోనాది, సూసుకోనేదు. తప్పు నాదే" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది, అతని మీద కాదు. ఆ పిల్ల మణికట్టు ఆయమ్మకి అప్పజెప్పి లారీ దగ్గరికి వెళ్లాను. "అతను వద్దన్నాడు. నేనే తిప్పించాను. ఉత్తరం తల పెట్టి పడుకోకూడదని" అన్నాను. చెప్తుంటే నా మాట నాకే వినబుద్ధి కాలేదు. ఆ పిల్ల మొగుడు నా మొహంలోకి చూశాడు. ఏమంటాడో, అందరి ముందూ కొడతాడో, ఏదైనా సరే అనుకున్నాను.

"సరేగానీ అడ్డు లెగమ్మా, అక్కడ కర్రెట్టాల" అన్నాడు.

అడ్డు లేచాను. చీర ఎగ్గట్టి నేనూ మోకు పట్టుకున్నాను. నా బలం వల్ల ఆ లారీ కదిలిందని ఎవరూ అనరు, కాళ్ల కింద పడకుండా ఉంటే చాలన్నట్టు చూశారు. మొదటిసారి ఇంజను అరిచింది, లారీ కదల్లేదు. రెండోసారి చక్రం కొమ్మల మీదికి ఎక్కి జారిపోయింది. వెనక్కి తిరిగి చెట్టు కింద చూస్తే డాక్టరుగారు నాడి పట్టుకుని తల అడ్డంగా ఊపుతున్నారు, ఇక టైము లేదని. అందరూ అరుస్తూ మళ్లీ లాగారు. లారీ ఒక్కసారిగా ఊడి రాతినేల మీదికి వచ్చిపడింది. మోకు పట్టుకున్న వాళ్లం వెల్లకిలా పడ్డాం.

ఆ పిల్లని లారీలోకి ఎక్కించాం. ఆయమ్మ తలని చిలకల బొమ్మల వైపు, ఎత్తులోకి పెట్టబోయింది.

"వద్దు!" అని అరిచాను. రక్తం పోయిన మనిషికి తల కిందికి, కాళ్లు పైకి ఉండాలి. ట్రైనింగులో మొదటి ఏడు చెప్పిన పాఠం. "తల ఇటు. కాళ్లు అటు, ఎత్తు మీద."

చేతులు మార్చి ఒక్క క్షణంలో పడుకోబెట్టేశాం. మంచం సరిగ్గా సరిపోయింది. ఆయమ్మ దుప్పటి కప్పి, నిటారుగా నిలబడి, మంచాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది.

"ఇలగ కూడా తొంగోవచ్చన్నమాట" అంది.

నేను నాడి పట్టుకుని, పోనిమ్మని మావకి కేకేశాను. 

సాలూరు దాకా నేల మీద మోకాళ్లూని కూర్చుని, ఒక చేత్తో ఆమె నాడి, ఇంకో చేత్తో కడుపు పట్టుకున్నాను. బిడ్డ ఆయమ్మ ఒళ్లో ఉంది. ఆయమ్మ ఆ దారిలో చుట్ట ముట్టించలేదు. డాక్టరుగారు సెలైను సీసా పట్టుకుని నిలబడ్డారు. గోతి వచ్చినప్పుడల్లా డ్రైవరు ముందునుంచి "గట్టిగా అట్టుకోండి" అని అరుస్తున్నాడు. నాడి ఒకచోట అందలేదు. వేళ్లు మార్చి మార్చి వెతికాను. దొరికింది. ఆ మధ్యలో నేను ఏ దేవుడికి ఏం మొక్కానో నాకు గుర్తులేదు గానీ, ఆ పిల్ల పోతే ఇక జన్మలో నర్సు దుస్తులు వేసుకోనని మాత్రం గట్టిగా అనుకున్నాను.

పోలేదు. ఆసుపత్రిలో రక్తం ఆగింది. ఆ రాత్రీ మర్నాడూ కళ్లు తెరవకుండా పడి ఉంది, ఒళ్లు కాలింది, డాక్టరుగారు కూడా ఏమీ చెప్పలేకపోయారు. నేను ఆసుపత్రి వదిలి వెళ్లలేదు. వచ్చినవాళ్లు ఊరికే ఉండరు కదా. "అదృష్టం సిస్టర్, ఆ సమయానికి మీరు ఉన్నారు", "లారీ దిగబడడం కూడా మంచికే అయింది" అని మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఏం మంచి? రాతినేల మీద ఉండి ఉంటే అందులో ఎక్కీ ఎక్కగానే బయల్దేరేవాళ్లం. చెట్టు కింద పోయిన ఆ రక్తం ఎవరి ఖాతాలో రాస్తారు? ఆ మెప్పు విన్నప్పుడల్లా నాకు అక్కడినుంచి లేచి పోవాలనిపించేది.

ఆ తర్వాతి రోజు పొద్దున్న నేను పక్కన కూర్చుని బిడ్డని ఆడిస్తుంటే ఆమె కళ్లు తెరిచింది. ముందు బిడ్డని చూసింది. చెయ్యి చాచి కాలివేళ్లు తడిమింది. తర్వాత నన్ను చూసింది. వాగ్దానం నిలబెట్టుకున్నావనో, చేతులెత్తి దండమనో ఏదో అంటుందని నా మనసు సిద్ధపడిపోయింది. అంత జరిగినా నా బుద్ధి పోలేదు చూడండి. ఆమె పెదాలు తడుపుకుని, గొంతు పెగుల్చుకుని అంది.

"నర్సమ్మా, ఆ లారీలో సెక్క... దానిమీదేనేటి నువ్వు రోజూ తొంగోడం?"

"అవునమ్మా."

"నా నడుం ఇరిగిపోనాది. ఒక సెక్క ఇలగ గుచ్చుకుంటాది, సూసినావా? సస్తన్నా నాకు అదే తెలుస్తన్నాది." కాసేపు ఆయాసం తీర్చుకుని, జాలిగా నా మొహం చూసింది. "పాపం. నీకు ఇంటికాడ మంచం నేదేటి?"

ఆ మంచం గురించి నాకు నిజం చెప్పిన మొదటి మనిషి ఆమె. సాలూరు నర్సులు చెప్పలేదు, మేస్త్రి చెప్పలేదు, నాకు నేను చెప్పుకోలేదు. నడుం నొప్పెట్టిందని నన్ను తిట్టడానికి ఆ పిల్ల బతికి ఉంది. బిడ్డని గుండెకి అదుముకుని, వార్డులో అందరూ చూస్తుండగా, గట్టిగా ఏడ్చేశాను.

"ఓలమ్మో, ఏటైనాది? ఏటన్నానిప్పుడు?" అని కంగారుపడింది.

"ఏమీ లేదు. ఇంకా తిట్టు" అన్నాను.